లోపలికి తెరుచుకునే తలుపు

ఊరి నడుమ పాత గడియారపు గోపురం. ఎనభై ఆరు మెట్లు ఎక్కితే, పాలరంగు అద్దపు ముఖం వెనక ఒక గది. పైన గంట రెండు కొట్టింది. ఆ మోత ఇంకా ఆరలేదు. గదిలో ఒక వడ్రంగి, అతని భార్య. ఇద్దరి వీపుల మీదా పిల్లల బడి సంచులు.

"మూసేశాడండీ."

"ఎవడు?"

"కాపలావాడు. బయట గడియ పెట్టేశాడు. లాగుతుంటే రావడం లేదు."

"సరిగ్గా లాగు."

"కాళ్ళు తన్నిపెట్టి లాగుతున్నాను, ఇంకెంత సరిగ్గా లాగను? మీరు ఒకసారి రండి."

"గాలికి బిగుసుకుని ఉంటుంది."

"ఇనుము పడిన చప్పుడు నా చెవులతో విన్నాను. గంట కొడుతుండగానే వేశాడు. వాడు ఎవరైనా ఉన్నారా అని పిలిచే ఉంటాడు. ఆ మోతలో వాడి మాట మనకు వినబడలేదు, మన అలికిడి వాడికి వినబడలేదు."

"కేకెయ్యి అయితే."

"బాబూ! ఓ బాబూ! పైన మనుషులున్నారు!"

"ఇంకా గట్టిగా. ఇంట్లో నన్ను పిలిచేటంత గట్టిగా."

"ఇప్పుడా మీ వేళాకోళం! మీరూ అరవండి."

"ఓయ్! కాపలా! ఓయ్!"

"ఉండండి, కిటికీలోంచి చూస్తాను. అయ్యో, వెళ్ళిపోతున్నాడు. గేటుకు తాళం వేసి సైకిలెక్కాడు. బాబూ! ఇటు, ఇటు చూడు! లాభం లేదు. ఆ లారీల రొదలో ఏం వినబడుతుంది? అదిగో, మలుపు తిరిగాడు."

"ఆ, చూశాను."

"ఎక్కడ చూశారు, అటు తిరిగి కూర్చుని?"

"ఇందాక చూశాను. భోజనానికి వెళ్ళి ఉంటాడు. వాడికి మాత్రం ఆకలెయ్యదా?"

"బోర్డు మీద ఏముందన్నారు మీరు?"

"సాయంత్రం ఆరు దాకా అని."

"ఆరు దాకా తెరిచి ఉంచేవాడు రెండింటికే గేటుకు తాళం ఎందుకేస్తాడు?"

"వాడొచ్చాక వాణ్ణే అడుగు."

"అంకెలు తప్ప అక్షరం రానిదాన్ని నేను. మీరు చదివారు, నేను నమ్మాను, ఎనభై ఆరు మెట్లు ఎక్కాను."

"ఎనభై ఆరని నేనే కదా లెక్కపెట్టింది."

"ఆ లెక్క ఇప్పుడు ఏం చేసుకోను? ఫోను చూస్తే చచ్చిపోయి ఉంది. రాత్రి మనం పడుకున్న ఆ పడకల హాల్లో పన్నెండు మంచాలకు ఒక్క ప్లగ్గు. నేను పెట్టిన ఫోను తీసి ఎవడో పక్కన పడేసి వాడిది పెట్టుకున్నాడు."

"చవగ్గా దొరికిందని నువ్వే కదా మురిసిపోయావు."

"మురిశాను. పడుకోవడానికి చాల్లే అనుకున్నాను. ఏమండీ, నాలుగింటికి కంటి ఆసుపత్రి."

"నాకు గుర్తుందిలే."

"గుర్తుంటే లేచి ఏదో ఒకటి చెయ్యండి. ఆ పెద్ద డాక్టరు నెలకొక్కసారి వస్తాడు. మన వీధి నర్సమ్మను బతిమాలి, ఆవిడ ఇంకెవరినో బతిమాలి, రెండు నెలలకు దొరికింది ఈ చీటీ. నాలుగు దాటితే ఇది చిత్తుకాగితం."

"దాటితే ఏమైంది? వచ్చే నెల ఇంకో చీటీ."

"వచ్చే నెలా! మళ్ళీ రెండు నెలలు తిరగాలి. ఈలోపు ఆ కొత్త బడి తలుపుల పని ఎవరు చేస్తారు?"

"నేను చేస్తాను. నాకేమొచ్చింది?"

"పోయినసారి చేసిన రెండు తలుపులూ వెనక్కొచ్చాయి."

"చెక్క పచ్చిది. ఎండాక వంకర తిరిగింది. అది చెక్క తప్పు."

"పాతికేళ్ళుగా చెక్క తప్పు అన్న మాట మీ నోట వినలేదు నేను."

"ఇప్పుడు విన్నావు కదా. ఆ అరటిపండ్లు ఇటివ్వు."

"గదిలో చిక్కుపడి అరటిపండ్లా?"

"చిక్కుపడితే ఆకలెయ్యకూడదని ఎక్కడైనా ఉందా? పొద్దున్న ఆరింటి నుంచి ఇప్పటిదాకా ఒక రొట్టెముక్క, కుళాయి నీళ్ళు. నీ లెక్కన ఇదే మన యాత్ర."

"యాత్ర అడిగింది ఎవరు? 'ముందు ఊరు చూపించు, తర్వాత ఆసుపత్రి సంగతి చూద్దాం' అన్నది ఎవరు? సరే అన్నాను. టిక్కెట్టు లేనివన్నీ తిప్పాను. వంతెన, నది ఒడ్డు, ఆ పార్కు. సంచులు దాచిపెడితే డబ్బులడుగుతారని ఒంటెల్లాగా వీపున మోసుకుని తిరిగాం. ఒక్కటంటే ఒక్కటి మీ కంటికి ఆనిందా?"

"గుర్రం బాగుంది."

"గుర్రం బాగుందట! ఆ రాతి గుర్రం చుట్టూ అందరూ దూరంగా నిలబడి ఫొటోలు తీసుకుంటుంటే, మీరు దాని కాలు పట్టుకుని మోకాలి దాకా తడిమారు. పిల్లలు నవ్వుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది."

"చెక్కినవాడు పనివాడే. మోకాలి దగ్గర నరం తేల్చాడు. వాళ్ళు నవ్వారు కానీ, ఆ నరం ఎవడైనా చూశాడా?"

"ఆ గుర్రాన్ని మీరే చెక్కినట్టు మాట్లాడకండి. ఎంతయిందో చూడండి."

"నువ్వే చూడు."

"మీ ముందే ఉంది కదండీ! అద్దం మీద నీడ. మీ అంత ఎత్తు ముల్లు!"

"వెనక నుంచి కదా. అంతా తిరగేసి ఉంది. నాకు తికమక."

"తిరగేసి చదువుకోవాలి మరి. రెండుంబావు. లేదు, రెండు ఇరవై. నడిస్తే ఆసుపత్రి అరగంట. బస్సెక్కితే పది నిమిషాలు."

"బస్సు వద్దు."

"వద్దు లెండి. పొద్దున బస్సు మీద పేరు చదివి ఎక్కించారుగా. ఎక్కడో గోదాముల దగ్గర దింపాడు. అక్కణ్ణుంచి వెనక్కి నడిచేసరికి నా మడమలు పగిలాయి."

"వాళ్ళు బోర్డు మార్చలేదు. పాత బోర్డు పెట్టుకుని తిప్పుతున్నారు."

"చెక్క తప్పు, బోర్డు తప్పు. మీది మాత్రం ఏమీ లేదు."

"నువ్వు కిటికీ దగ్గరికి పో. ఎవరైనా వస్తే పిలువు."

"తువ్వాలు ఇవ్వండి. ఆ ఎర్రది. ఊచలకు కడతాను... ఇదిగో, కట్టాను. ఎవరో చూశారు! ఒక ఆయన, భార్య, ఇద్దరు పిల్లలు. ఇటే చూస్తున్నారు. ఇటు! ఇటు! తలుపు! తలుపూ!"

"ఏమంటున్నారు?"

"చెయ్యి ఊపుతున్నారు."

"మంచిది. వస్తారు."

"ఫొటో తీసుకున్నారు."

"తర్వాత?"

"తర్వాతేముంది? వెళ్ళిపోయారు. మనల్ని కూడా ఈ ఊళ్ళో చూడాల్సినవాటిలో కలిపేశారు."

"టిక్కెట్టు లేకుండా."

"నవ్వకండి. నాకు ఏడుపొస్తోంది."

"ఏడవకు. వాడొస్తాడు. వాడు రాకపోతే ఇంకొకడొస్తాడు. ఈ గడియారానికి కీ ఇచ్చేవాడు ఉంటాడు కదా."

"రేపొస్తాడేమో."

"రేపొస్తే రేపు వెళ్దాం."

"అదీ! అది మీ నోట్లోంచి ఇప్పుడొచ్చింది. రేపు వెళ్దాం. నాలుగు దాటిపోతే మీకు పండగ."

"పండగేం కాదు."

"మరి భయమా?"

"నాకు దేనికి భయం?"

"అది మీరు చెప్పాలి."

"చెప్పడానికేముంది? డాక్టరు దగ్గరికి వెళ్ళనంతకాలం అది నా కన్ను. వెళ్ళాక అది ఆయన మాట. 'ఇక ఉలి పట్టుకోకు పెద్దాయనా' అన్నాడనుకో. అన్నాక నేనేం చెయ్యాలి? అరుగు మీద కూర్చుని, దారిన పోయే బండి ఎవరిదో చప్పుడును బట్టి చెప్పాలా? మా గురువు అలాగే కూర్చున్నాడు. ఆరేళ్ళు."

"ఆయన చూపించుకోలేదు కాబట్టి కూర్చున్నాడు."

"చూపించుకోలేదు కాబట్టి కనీసం ఆశతో కూర్చున్నాడు."

"ఆశతోనా! ఆయన భార్య అన్నం కలిపి చేతికిస్తుంటే ఆ ఆశ ఎక్కడుందో నేను చూశాను లెండి."

"వదిలెయ్యి."

"వదలను. ఇవాళ పారిపోవడానికి దారి లేదు మీకు. ఇంట్లో అయితే కొట్టుకి పని ఉందని లేస్తారు. కొట్టులో అయితే చిత్రిక మోత పెడతారు. ఇక్కడ ఎక్కడికి పోతారు? ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోనంటే."

"తెచ్చుకుంటే మాత్రం ఎక్కడికి పోతాను? చెప్పు."

"ఆరు నెలలుగా మీరు చిత్రిక పట్టిన అంచులు నేను మళ్ళీ సరిచేస్తున్నాను. మీరు కాఫీకి వెళ్ళినప్పుడు. గరుకు కాగితం పెట్టి రుద్దుతాను. సందులుంటే రంపపు పొట్టూ జిగురూ కలిపి నింపుతాను. గీతలు కూడా... రెండు మూడుసార్లు పెన్సిలు గీత చెరిపి నేనే గీశాను."

"తెలుసు."

"తెలుసా?"

"నేను వదిలిన అంచు ఎలా ఉంటుందో, తిరిగొచ్చాక ఎలా ఉందో, వేలు పెడితే తెలియదా నాకు? నువ్వు నాకంటే నున్నగా రుద్దుతావు. కొంచెం ఎక్కువే రుద్దుతావు."

"తెలిసీ ఊరుకున్నారా?"

"నువ్వు నాకు తెలియదనుకుంటున్నావు కదా. ఆ ముచ్చట ఎందుకు పాడుచెయ్యాలని."

"ముచ్చటట! నేను ఆరు నెలలు దొంగలాగా..."

"నేను కాఫీకి ఎందుకు వెళ్తున్నాననుకున్నావు? నాకు కాఫీ పడదని నీకు తెలియదా?"

పైన గంట ఒక్కటి కొట్టింది. గోడల్లోంచి ఆ అదురు ఇద్దరి వీపుల్లోకీ దిగింది.

"రెండున్నర అయింది."

"నేనూ విన్నాను."

"ఏమండీ, మన ఊరి బడి హెడ్మాస్టరు ఒకసారి కాగితాల గదిలో చిక్కుకున్నాడే, గుర్తుందా? తాళంచెవి పోయి బడంతా గగ్గోలు. మీరు వెళ్ళి కిటికీలోంచి ఏదో చెప్తే, లోపల ఆయనే రూళ్ళకర్రతో తట్టుకుని బయటికొచ్చాడు. ఊరంతా మిమ్మల్ని వారం రోజులు పొగిడింది."

"అది వేరే తలుపు."

"ఏం వేరే?"

"అది మామిడిచెక్క. ఇది టేకు. మూడంగుళాల మందం. నువ్వు లాగినప్పుడు చప్పుడు విన్నాను, అది చాలు."

"చప్పుడు విని చెప్పేబదులు దగ్గరికొచ్చి చూడొచ్చు కదా."

"కూర్చునే చెప్పగలిగినదానికి లేవడం ఎందుకు?"

"సరే. కూర్చోండి. నేనూ కూర్చుంటాను."

"ఎందుకు అలా కోపంగా కూర్చుంటావు?"

"నా కోపం నా ఇష్టం."

"మాట్లాడు."

"మాట్లాడను."

"ఆ కిటికీలోంచి ఏం కనబడుతోందో చెప్పు. నది కనబడుతోందా?"

"మాట్లాడనన్నానా?"

"నువ్వు చెప్తే బాగుంటుంది. పొద్దున వంతెన మీద ఎంత బాగా చెప్పావు! పడవలు చెప్పుల్లాగా విడిచిపెట్టి ఉన్నాయన్నావు. అది తలుచుకుని ఇంకా నవ్వుకుంటున్నాను."

"మిమ్మల్ని మెప్పించడానికే చెప్పాను. ఇక చెప్పను."

"ఎంతసేపు?"

"మూడు కొట్టేదాకా."

"అంతసేపు నువ్వు మాట్లాడకుండా ఉండటం నాకు తెలిసి ఇదే మొదలు."

"..."

"ఏమే."

"..."

"ఉన్నావా?"

"ఎక్కడికి పోతాను, తలుపేసి ఉంటే!"

పైన గంట మూడు కొట్టింది.

"అయిపోయింది. మూడు. ఇప్పుడు చెప్తాను వినండి. ఈ తలుపు లోపలికి తెరుచుకుంటుంది. మన వైపు."

"అయితే?"

"అయితే ఏమిటా? ఎవరి దగ్గర మాట్లాడుతున్నారు? పాతికేళ్ళు మీకు మేకులందించినదాని దగ్గర! లోపలికి తెరుచుకునే తలుపుకు బందులు లోపలే ఉంటాయి. మూడున్నాయి. వాటిలో దూర్చిన సీలల తలలు పైకి తేలి ఉన్నాయి. నూనె కూడా పెట్టారు, నల్లగా కారింది. కింద నుంచి పైకి నాలుగు దెబ్బలు తడితే ఒక్కొక్కటీ ఊడొస్తుంది. బయట గడియ ఎంత లావున ఉంటే ఏం? తలుపు రెక్క ఇటు నుంచి ఊడుతుంది. 'లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషిని బంధించడం ఎవడి తరమూ కాదు' అని ఊరంతా చెప్పుకు తిరిగింది మీరు కాదూ?"

"ఎప్పుడు చూశావు?"

"తువ్వాలు కట్టి వెనక్కి తిరిగినప్పుడు."

"చూసి అరగంట ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను. హెడ్మాస్టరు సంగతి ఎత్తాను, మీకు సిగ్గొస్తుందేమో అని. రాలేదు. నోరు మూసుకుని కూర్చున్నాను, లేస్తారేమో అని. లేవలేదు. నాలుగు కొట్టేదాకా ఇలా మాటలతో పొద్దుపుచ్చుదామని మీ ఎత్తు."

"నువ్వే తీసి ఉండాల్సింది."

"తీయగలను. నేను తీస్తే, నేను మిమ్మల్ని ఆసుపత్రికి ఈడ్చుకెళ్ళినట్టు. మీరు తీస్తే, మీరు వచ్చినట్టు. అందుకని తీయలేదు. ఈడ్చుకెళ్ళే ఓపిక నాకు అయిపోయిందండీ. మీకు రావాలని లేకపోతే ఇక్కడే కూర్చుందాం. రాత్రయినా సరే. ఆ వచ్చే నెలా వద్దు, ఆ బడి తలుపులూ వద్దు. ఒప్పుకున్న పని వద్దని రేపు వెళ్ళి చెప్పేస్తాను."

"ఆ బందులు ఇనుమా, ఇత్తడా?"

"పది అడుగుల దూరంలో ఉన్నాయి. చూసి చెప్పండి."

"నువ్వు చెప్పు."

"ఎందుకు చెప్పాలి? పొద్దుటి నుంచీ నేనే చెప్తున్నాను. నది ఎలా ఉందో చెప్పు, వంతెనకు ఎన్ని కమానులో చెప్పు, ఆ గుర్రం తల ఎటు తిప్పిందో చెప్పు... నన్నేదో గైడు కింద పెట్టుకున్నట్టు... ఏమండీ."

"ఊఁ."

"గుర్రం తల ఎటు తిప్పింది?"

"నువ్వు కుడివైపన్నావు."

"ఆ బోర్డు మీద ఏం రాసుంది?"

"తెల్లటి పలక ఒకటి ఉంది."

"దాని మీద?"

"పలక దాకానే నాకు తెలుసు."

"బస్సు?"

"బస్సు రంగు తెలిసింది."

"మరి రోడ్డు దాటేటప్పుడు... చెయ్యి పట్టుకోమంటే 'నలుగురూ చూస్తారు, సిగ్గులేదూ' అని విదిలించారు. విదిలించి నా సంచి పట్టీ పట్టుకుని నడిచారు. తల్లి వెనక పిల్లాడిలాగా ఏమిటిదని ఎగతాళి చేశాను. నేను తప్పిపోతానని పట్టుకున్నానన్నారు."

"తప్పిపోయేది ఎవరో చెప్పలేదు కదా."

"ఇంత ఉందని నాకెందుకు తెలియలేదండీ? ఒకే ఇంట్లో ఉండి!"

"ఇంట్లో ఎలా తెలుస్తుంది? మన ఇల్లు నా చేతికి తెలుసు. కొట్టు తెలుసు. ఉలి ఎక్కడుందో, గడప ఎక్కడుందో, నువ్వు చెంబు ఎక్కడ పెడతావో అంతా తెలుసు. ఈ ఊరే నా చేతికి తెలియదు."

"తెలిసీ ఊరు చూద్దామని ఎందుకన్నారు మరి?"

"గీతలూ అక్షరాలూ చిన్నవి. అవి పోతే పోయాయి, పెద్ద ఊరు కదా, పెద్దవైనా కనబడతాయేమో చూసుకుందామని. వంతెన మీద నిలబడ్డాను. గుర్రం దగ్గర నిలబడ్డాను. ఈ గోపురం ఊళ్ళో ఏ మూల నుంచైనా కనబడుతుందన్నాడు టీకొట్టువాడు. నువ్వు నీళ్ళు పట్టుకు రావడానికి వెళ్ళినప్పుడు, దీని కిందే నిలబడి తల ఎత్తి చాలాసేపు వెతికాను. ఏడవకే. ఇనుమా, ఇత్తడా?"

"ఇత్తడి."

"అయితే తేలిక. నా మొలతాడుకు కొట్టు తాళంచెవి ఉంది, పొడుగుది. దాని మొన చాలు. నీ చెప్పు మడమతో కొడతాను. కింది బందు మొదట, పైది చివర. రెక్క మీద పడకుండా నువ్వు భుజం ఆనించి పట్టుకో. గేటు దగ్గరికి దిగితే రోడ్డు మీద ఎవడో ఒకడు వింటాడు. ఎంతయింది?"

"మూడూ పది. ఇలా రండి. ఇటు."

"ఎటు?"

"ఇటండీ, నా గొంతు వైపు."

"అలా కాదు. చెయ్యి ఇటివ్వు. గట్టిగా పట్టుకో. బందు దాకానే కాదు, మెట్లు దిగాక, గేటు దాటాక, ఆ పెద్ద రోడ్డు మీద కూడా వదలకు. నలుగురూ చూస్తే చూడనీ."